పెద్ద హోటల్లో మిరియాల గ్లాసు... అందులో ఏముందో అడిగే తాగండి!

పెళ్ళిరోజనో, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనో, అమెరికా నుంచి ఆడపడుచు దిగిందనో... ఏదో ఒక సందర్భం. "ఇవాళ నువ్వు పొయ్యి వెలిగించకు, బయట తిందాం" అన్నారు మీవాళ్ళు. ఎన్నాళ్ళకెన్నాళ్ళకు ఆ మాట! బయటంటే బస్టాండు పక్కన టిఫిన్ హోటలు కాదు. తలుపు తీసి పట్టుకునే మనిషి, మెత్తటి కుర్చీలు, మసక మసక వెలుతురు, పువ్వులా మడిచిపెట్టిన గుడ్డ... అలాంటి పెద్ద హోటలు!

పట్టుచీర కట్టుకుని వెళ్ళి కూర్చుంటారు. అట్టపెట్టంత మెనూకార్డు చేతిలో పెడతారు. మొదటి పేజీలో అన్నాలూ, కూరలూ ఉండవు. పానీయాలుంటాయి. యాలకులది ఒకటి, దాల్చినచెక్కది ఒకటి, మిరియాలూ తేనే కలిపింది ఒకటి, కరివేపాకుది ఒకటి, చివరికి పచ్చిమిరపకాయది కూడా ఒకటి! పేర్లు చూస్తే మన పోపులపెట్టె తీసి బోర్లించినట్టే ఉంటుంది. ధరలు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

"మనం రోజూ వాడే సరుకే కదా, ఏమవుతుందిలే" అనుకుని వేలు పెట్టి ఒకటి చూపించేస్తారు. సరిగ్గా అక్కడే ఆగండి. ఆ గ్లాసు వెనక పెద్ద కథే ఉంది. ఆ కథ చెప్పేముందు మా పిన్ని సంగతి చెప్పాలి.

పిన్ని గ్లాసులో ఏం పోశారు?

మా పిన్నిది చందర్లపాడు. నందిగామ దాటి కృష్ణ ఒడ్డు వైపు వెళితే వస్తుందే, ఆ ఊరు. అప్పట్లో కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఎన్టీఆర్ జిల్లా అయింది. పత్తి, మిరప, సుబాబుల్ తోటలు... నది దాటితే అమరావతి. పిన్ని జీవితమంతా మిరప చేనికీ వంటింటికీ మధ్యనే గడిచింది.

కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. మొదటి ప్రమోషన్ రాగానే అమ్మనీ నాన్ననీ ఒక పెద్ద హోటలుకి తీసుకెళ్ళాడు. ఆ హోటలు పేరెందుకులెండి! కుర్రాడు ఫోనొచ్చి బయటికెళ్ళాడు. బాబాయి కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు. వెయిటరు వచ్చి వంగి నిలబడ్డాడు. పిన్ని కార్డులో "అల్లం, మిరియాలు, నిమ్మ" అనే మూడు మాటలు చదవగలిగింది. అదే చూపించింది. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఇంకేదో ఉంది. అది చదవలేదు.

గ్లాసు వచ్చింది. పైన పుదీనా ఆకు, అంచుకి ఉప్పూ కారం. ఎంత ముచ్చటగా ఉందో! పిన్ని ఒక గుక్క తాగింది. గొంతులో మంట. మిరియాల మంట కాదది. రెండో గుక్క మింగకుండా ఆపి వాసన చూసింది. ఆ వాసన ఆవిడకి కొత్తదేం కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు, దూబగుంట రోశమ్మ లాంటివాళ్ళు, మొదలుపెట్టిన గొడవ అది. ఊరూరా పాకింది. ఆ రోజుల్లో మా పిన్ని కూడా కొంగు బిగించి, చీపురు చేతబట్టి నలుగురితో కలిసి సారా కొట్టు ముందు కూర్చుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. కానీ సారా వాసన అంటే ఏమిటో, అది ఇంట్లోకి వస్తే ఏమవుతుందో ఆ తరం ఆడవాళ్ళకి ఎవరూ పుస్తకం పెట్టి చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి పట్టుచీర కట్టుకుని, చల్లటి గదిలో, వోడ్కా కలిపిన గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది!

"అడగొచ్చు కదా పిన్నీ?" అన్నాను తరవాత. "ఏమని అడగనే? అందరూ తాగుతున్నారు. నాకే తెలీదనుకుంటారని..." అంది. ఆ గ్లాసు అలాగే వదిలేసి, భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా ఇంటికొచ్చింది. కొడుకుతో చెప్పలేదు. బిల్లు కట్టింది వాడు కదా, వాడి సంతోషం పాడవుతుందని!

చూశారా... మద్యం ముట్టుకోకూడదని అంత గట్టిగా నిలబడ్డ మనిషి, ఒక్క ప్రశ్న అడగడానికి సిగ్గుపడింది. మనలో చాలామందిమి అంతే. అందుకే ఈ వ్యాసం.

"పంచ్" మన ఒడ్డున పుట్టిందా?

ముందు కథ. మసాలా కలిపిన మద్యం ఈ మధ్య వచ్చిన ఫ్యాషనేం కాదు. ఇంగ్లీషువాళ్ళు "పంచ్" అనే పానీయం ఉంది. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, మసాలా... ఈ ఐదూ కలిపి పెద్ద గిన్నెలో పోసి, నలుగురూ ముంచుకు తాగేవారు. ఐదు సరుకులు కాబట్టి మన "పంచ" అనే మాట నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు. కాదనేవాళ్ళూ ఉన్నారనుకోండి.

విశేషమేమిటంటే, ఆ మాట రాతలో మొదటిసారి దొరికింది 1632లో రాసిన ఒక ఉత్తరంలో. ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకరు రాశారు. ఎవరికి? మన కోస్తా తీరంలో "పెటపోలి" అనే రేవులో ఉన్న కంపెనీ వర్తకుడికి. పెటపోలి అంటే వేరే ఎక్కడో కాదు, ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నమే! 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంతో పాటు అక్కడా వ్యాపారం మొదలుపెట్టారు. అంటే నాలుగు వందల ఏళ్ళ నాడే మన కృష్ణ కలిసే సముద్రపు ఒడ్డున దొరలు సారాలో నిమ్మరసం, చక్కెర, మసాలా కలుపుకు తాగుతున్నారన్నమాట. ఓడలెక్కి అది లండను వెళ్ళింది. ముస్తాబై మళ్ళీ మన హోటళ్ళకే వచ్చింది!

మరి అందులోంచి సారా తీసేసి చూడండి. బెల్లమో చక్కెరో, నిమ్మకాయ, నీళ్ళు, మిరియాలు, శొంఠి... ఇదేమిటి? మన శ్రీరామనవమి పానకం! మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి పోసేది, సగం స్వామి పుచ్చుకుని సగం మనకి మిగులుస్తాడే, అదే. కాబట్టి ఆ కార్డు చూసి బెదిరిపోకండి. అందులో ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు మీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. తెలియనిది ఒక్కటే, ఆ మిగిలిన పావు వంతు.

మసాలా ఎందుకంత ఘాటు?

ఇంట్లో మనం మసాలా వాసన ఎలా తీస్తాం? నూనెలో వేయించి పోపు పెడతాం, లేదా నీళ్ళలో మరిగిస్తాం. యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జీలకర్ర... వీటి వాసనంతా వాటిలోని నూనెల్లో ఉంటుంది. ఆ నూనెలు చల్లటి నీళ్ళలో కరగవు. నూనెలో కరుగుతాయి, నెయ్యిలో కరుగుతాయి, మద్యంలోనూ బాగా కరుగుతాయి. అందుకే పెద్ద హోటళ్ళలో సీసాడు మద్యంలో గుప్పెడు మసాలా వేసి రోజుల తరబడి నానబెడతారు. పొయ్యితో పని లేకుండానే వాసన మొత్తం దిగుతుంది.

పచ్చిమిరపకాయ సంగతీ అంతే. దాని మంట నీళ్ళలో కరగదు. అందుకే కారం తగిలినప్పుడు చెంబుడు నీళ్ళు తాగినా మంట తగ్గదు, గ్లాసుడు మజ్జిగ తాగితే తగ్గుతుంది. మద్యంలో ఆ మంట చక్కగా కరుగుతుంది. కాబట్టి కారం గ్లాసులో మద్యం ఉందో లేదో మంటని బట్టి తెలుసుకోవడం కష్టం. రెండు మంటలూ కలిసిపోతాయి. మా పిన్ని మోసపోయింది కూడా అక్కడే.

ఇంకో సంగతి. మిరపకాయ మన దేశానిది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకు ముందు మనకి కారమంటే మిరియమే. "మిరప" అన్న పేరు కూడా మిరియానికి చుట్టమే మరి! అలా వచ్చిన కాయ ఇవాళ గుంటూరు యార్డు నిండా, మన చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట కల్లాల నిండా ఎర్రటి తివాచీ పరిచినట్టు ఉంటోంది.

ఆ కల్లాల్లో ఎండకి నడుం వంచి కాయలు కోసేదీ, ముచికలు తీసేదీ, తాలుకాయ ఏరేదీ ఎవరు? ఆడవాళ్ళే. సాయంత్రానికి చేతులు భగభగ మండుతాయి. కొబ్బరినూనె రాసుకున్నా చంటిబిడ్డని ముట్టుకోవడానికి భయం. ఆ చేతులు కోసిన కాయలోంచి ఒక చీలిక గ్లాసు అంచున పెట్టి, ఆ చేతులకి ఇచ్చే రోజుకూలి కంటే ఎక్కువ ధర వేస్తారు. తప్పని నేననను. హోటలుకి అద్దె ఉంటుంది, ఏసీ ఉంటుంది, జీతాలుంటాయి. కానీ ఆ గ్లాసు ముందు మనం చిన్నబుచ్చుకుని కూర్చోవడం మాత్రం తప్పే! ఆ సరుకు మనది, ఆ విద్య మనది. అది తెలిసి తల ఎత్తుకుని కూర్చోవాలి.

మన వంట పెద్ద బల్ల మీదికి

ఒకప్పుడు మంచి హోటలంటే కోటూ బూటూ, సూపూ బ్రెడ్డూ. మన వంటకి అక్కడ చోటుండేది కాదు. అది నెమ్మదిగా మారింది. లండన్లో రీజెంట్ వీధిలో 1926లో ఒక హోటలు పెట్టారు. పేరేమిటో తెలుసా? "వీరాస్వామి"! పెట్టినాయన ఒక ఆంగ్ల సేనానికీ ఒక మొగలాయి రాకుమారికీ ముని మనవడు, ఎడ్వర్డ్ పామర్. మన వీధి చివర కొట్టు పేరులా ఉండే ఆ పేరు చూసి లండను దొరలు వరుసలు కట్టారు. 2001లో లండన్లోనే "టామరిండ్", అంటే చింతపండు అని పేరు పెట్టుకున్న భారతీయ హోటలుకి మిషెలిన్ నక్షత్రం దక్కింది. హోటళ్ళ లోకంలో ఆ నక్షత్రం అంటే మనకి కనకాభిషేకం లాంటిది.

ఇటు చెన్నైలో 1989లో "దక్షిణ్" మొదలైంది. ఆంధ్ర, తమిళ, కన్నడ, మలయాళ వంటలు నాలుగూ ఒకే చోట, అరిటాకు పరిచిన వెండి పళ్ళెంలో. మన పప్పూ, మన పచ్చడీ ఐదు నక్షత్రాల హోటల్లో వెండి పళ్ళెం ఎక్కాయంటే సంతోషమే కదా!

ఇక హైదరాబాదులో ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న మేడ. తరవాత ఆరో నిజాం చేతికి వచ్చింది. అందులో ఒకేసారి 101 మంది కూర్చుని తినే భోజనాల బల్ల ఉంది! 2010లో తాజ్ వాళ్ళు దాన్ని హోటలుగా తెరిచారు. లోపల "అదా" అనే హోటల్లో హైదరాబాదీ వంటలు పెడతారు. 2017 నవంబరు 28న మన ప్రధాని అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకాకి విందు ఇచ్చింది కూడా ఆ ప్యాలెస్‌లోనే. అందరం అక్కడికే వెళ్ళక్కర్లేదు. నందిగామ నుంచి గంట ప్రయాణంలో విజయవాడలోనే ఇప్పుడు మంచి హోటళ్ళున్నాయి. ఎక్కడికి వెళ్ళినా తెలుసుకోవలసినవి మాత్రం ఒకటే.

వెళ్ళేముందు... వెళ్ళాక...

ముందు రోజే ఫోను చేయించండి. బల్ల చెప్పి ఉంచుకోవడమే కాదు, నలుగురిలో ఎవరు శాకాహారులో, ఎవరికి షుగరో, ఎవరికి వేరుశనగ పడదో ముందే చెబితే వాళ్ళకీ సులువు, మీకూ సులువు. అలా చెప్పడం పెద్ద హోటళ్ళలో మామూలే. ఎవరూ నవ్వరు.

కార్డు ఇవ్వగానే కంగారు పడకండి. "ఐదు నిమిషాలాగి రండి బాబూ" అనండి, చాలు. తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

పానీయాల పేజీలో ఈ మాటలు కనిపిస్తే అందులో మద్యం ఉన్నట్టే: వోడ్కా, జిన్, రమ్, విస్కీ, టెకీలా, వెర్మూత్, లిక్కర్. పేరు పక్కన యాలకులున్నా, కరివేపాకున్నా, గులాబీ రేకులున్నా సరే! "మాక్‌టెయిల్", "వర్జిన్", "జీరో ప్రూఫ్" అని ఉంటే మద్యం లేదని అర్థం. "జింజర్ ఏల్" అనేది పేరుకి అలా ఉన్నా మామూలుగా అల్లం సోడాయే.

ఒక చిన్న చిక్కుంది. "బిట్టర్స్" అనే చేదు కషాయం కొన్ని చుక్కలు వేస్తుంటారు. అది చుక్కలే కానీ దాంట్లో మద్యం గట్టిగానే ఉంటుంది. ఒక్కోసారి మద్యం లేదన్న గ్లాసులోనూ వాసన కోసం వేసేస్తారు. కాబట్టి పేజీ పైన ఏం రాసి ఉన్నా నోరు తెరిచి అడగండి. ఎలా అడగాలంటారా? తేలికే. "ఇందులో మద్యం ఒక్క చుక్క కూడా ఉండకూడదు. బిట్టర్స్ కూడా వద్దు. సరేనా?" అంతే! ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే అడగండి. తెలుగు తెలిసిన మనిషిని పంపించమనండి. పంపిస్తారు.

కడుపుతో ఉన్న కోడలు పక్కనుంటే ఈ ప్రశ్న తప్పనిసరి. గర్భంతో ఉన్నవాళ్ళకి ఇంతవరకు ఫరవాలేదు అనే లెక్క ఏదీ లేదనీ, అసలు ముట్టకపోవడమే మేలనీ డాక్టర్లు చెబుతారు. మందులు వాడుతున్న పెద్దవాళ్ళకీ అంతే. కొన్ని మాత్రలకీ మద్యానికీ అస్సలు పడదు. పిల్లలు "నాకూ ఆ రంగుదే కావాలి" అని పేచీ పెడతారు. వాళ్ళకి వచ్చిన గ్లాసు ముందు మీరు వాసన చూసి ఇవ్వండి. షుగరు ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మద్యం లేని గ్లాసుల్లో పంచదార పాకం ధారాళంగా పోస్తారు. "పాకం సగమే వెయ్యండి" అంటే వేస్తారు.

పొరపాటున తప్పు గ్లాసు వస్తే? వెనక్కి పంపించెయ్యండి. నేను అడిగింది ఇది కాదు అనడం అమర్యాద కాదు. మన ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే ఎంతమంది ఎన్నిసార్లు మనకి చెప్పలేదు!

ఇక బిల్లు. మామూలు హోటల్లో భోజనం మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ళ లోపలి భోజనశాలల్లో 18 శాతం. అంటే కార్డు మీద వెయ్యి అని ఉంటే చేతిలోంచి పోయేది పదకొండు వందల ఎనభై! ముందే లెక్క వేసుకుంటే తరవాత మొహాలు మాడవు. కొందరు పైన "సర్వీస్ ఛార్జి" అని కూడా వేస్తారు. అది తప్పకుండా కట్టి తీరాలన్న రూలేం లేదు. బిల్లులో దానంతట అది వేసెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే సమర్థించింది. సేవ నచ్చితే మీ సంతోషం కొద్దీ ఇవ్వండి. నచ్చకపోతే ఆ గీత కొట్టించండి.

ఇంట్లోనే ఆ గ్లాసు!

హోటలుకి వెళ్ళినా, వెళ్ళకపోయినా ఈ నాలుగూ చేసి చూడండి. మద్యం లేదు, వందలు పొయ్యక్కర్లేదు. మసాలాని మద్యానికి బదులు పాకంలో మరిగిస్తే చాలు, వాసన దిగుతుంది.

మసాలా పాకం: గ్లాసు పంచదార, గ్లాసు నీళ్ళు, ఆరు దంచిన యాలకులు, రెండంగుళాల దాల్చినచెక్క, నాలుగు లవంగాలు. అన్నీ కలిపి సన్నని సెగ మీద ఐదు నిమిషాలు మరిగించి, మూత పెట్టి గంట వదిలెయ్యండి. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. రెండు చెంచాల పాకం, అరచెక్క నిమ్మరసం, గ్లాసు సోడా, ఐసు ముక్కలు. అంతే!

సోడా పానకం: వంద గ్రాముల బెల్లం గ్లాసున్నర నీళ్ళలో కరిగించి వడకట్టండి. అర చెంచా మిరియాల పొడి, అర చెంచా శొంఠి పొడి, నాలుగు యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపి చల్లబరచండి. వడ్డించేటప్పుడు సగం గ్లాసు పానకం, సగం గ్లాసు సోడా, పైన నాలుగు తులసి ఆకులు. పానకం కాస్త చిక్కగా ఉంటేనే సోడా పోశాక రుచి పలచబడదు. మిరియం పొడి మెత్తగా కాకుండా కచ్చాపచ్చాగా దంచితే వాసన నిలుస్తుంది.

మామిడి, జీలకర్ర: రెండు పుల్ల మామిడికాయలు కుక్కర్లో ఉడికించి, చల్లారాక గుజ్జు తియ్యండి. నిప్పుల మీద కాల్చి తీస్తే ఇంకా బాగుంటుంది. ఎనిమిది చెంచాల బెల్లం తురుము, చెంచాన్నర వేయించిన జీలకర్ర పొడి, అర చెంచా నల్లుప్పు, పది పుదీనా ఆకులు వేసి మిక్సీలో తిప్పి, ఐదు గ్లాసుల చల్లటి నీళ్ళు కలపండి. పులుపుని బట్టి బెల్లం పెంచుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం చుట్టాలొస్తే దీన్ని మించింది లేదు.

జామ, పచ్చిమిర్చి: ఎరుపు గుజ్జున్న పండిన జామపళ్ళు రెండు. ముక్కలు చేసి రెండు గ్లాసుల నీళ్ళలో మెత్తబడే దాకా ఉడికించి, మెదిపి, గింజలు పోయేలా జల్లెడ పట్టండి. మూడు చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ రసం కలపండి. ఒక పచ్చిమిరపకాయ చీల్చి, గింజలూ లోపలి తెల్లటి ఈనే తీసేసి, ఐదు నిమిషాలు మాత్రం రసంలో వేసి తీసెయ్యండి. అసలు మంట ఆ ఈనెలోనే ఉంటుంది సుమా! ఇక గ్లాసు అంచు: నిమ్మచెక్కతో అంచు తడిపి, పళ్ళెంలో ఉప్పు, కారం, పంచదార సమంగా కలిపి పరిచి, గ్లాసు బోర్లించి తిప్పండి. అంచంతా ఎర్రటి జరీలా అంటుకుంటుంది. కారం మన మెట్ట పొలం మిరపదైతే ఆ రంగే వేరు!

మళ్ళీ పిన్ని

నిరుడు సంక్రాంతి తరవాత పిన్ని కొడుకు పెళ్ళి సంబంధం మాట్లాడుకోవడానికి అమ్మాయి తరపువాళ్ళు విజయవాడలో ఒక పెద్ద హోటలుకి పిలిచారు. పిన్ని రానంది. "మళ్ళీ ఆ గ్లాసులూ అవీ... నావల్ల కాదే" అంది. నేనూ తోడు వస్తానన్నాక బయల్దేరింది.

కార్డు వచ్చింది. కాబోయే వియ్యపురాలు కూడా కార్డు పట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంది. పిన్ని ఒక్క నిమిషం చూసి, వెయిటరుని పిలిచింది. "ఈ మిరియాలదాంట్లో మద్యం ఉందా బాబూ?" అంది గట్టిగా, తెలుగులో. బల్ల మీద అందరూ తలెత్తారు. అతను "లేదండీ" అన్నాడు. "చుక్కల మందు... ఆ బిట్టర్సో ఏదో... అది?" అంది పిన్ని. అతను కాస్త ఆగి, "రెండు చుక్కలు వేస్తారండీ, మీకు వెయ్యొద్దని చెబుతాను" అన్నాడు.

"మాకిద్దరికీ వెయ్యొద్దని చెప్పు" అంది పిన్ని, వియ్యపురాలి వైపు చూపించి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నేనూ అదే అడుగుదామనుకున్నానండీ, నోరు రాలేదు" అంది. ఆ మాటతో ఇద్దరి మధ్యా కొత్త పోయింది. కట్నాలూ లాంఛనాలూ సంగతి మగవాళ్ళు మాట్లాడుతుంటే, వీళ్ళిద్దరూ పానకంలో శొంఠి ఎంత వెయ్యాలో మాట్లాడుకున్నారు. సంబంధం ఖాయమైంది కూడా!

భోజనానికి ముందు అతను గ్లాసు తెచ్చి పిన్ని ముందు పెట్టాడు. పిన్ని రుచి చూసి "శొంఠి తక్కువైంది" అంది. ఆమె అన్నది నిజమే. తరవాత అన్నం వచ్చింది, పప్పు వచ్చింది, ఒకరి తరవాత ఒకరికి వడ్డించుకుంటూ వచ్చాడతను. పిన్ని అలవాటు కొద్దీ రెండుసార్లు లేవబోయింది, బాబాయికి నెయ్యి వెయ్యడానికి. రెండుసార్లూ నేనే కూర్చోబెట్టాను. అందరూ తిన్నాక కాకుండా, అందరితో పాటు, వేడివేడిగా అన్నం తినడం ఆవిడకి ఎన్నాళ్ళకో!

మద్యం తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ ఇంటి పద్ధతి. అది చెప్పడానికి నేనెవర్ని? కానీ మీ గ్లాసులో ఏముందో మీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే అడగాలి. అడిగితే "పల్లెటూరిది" అనుకుంటారన్న భయం వద్దు. ఆ గ్లాసులో మిరియం ఎవరిదో, మిరప ఎవరు కోశారో, పానకం ఎవరి ఇంటిదో మనకి తెలుసు. ఈసారి పెద్ద హోటలుకి వెళ్ళినప్పుడు మొదటి మాట మీరే మాట్లాడండి. ఏమంటారు?